ఆన్‌లైన్ చర్చకు పద్నాలుగు నిబంధనలు పెట్టాను, తరగతి మొత్తం మౌనం పట్టింది

ఈ చర్చావేదికలో "మూడున్నర బస్సు" అనే పేరుతో ఒక మేడమ్ అడిగిన ప్రశ్న

నమస్కారం. పల్నాడు జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో రాజనీతిశాస్త్రం చెబుతాను. బి.ఏ. రెండో సంవత్సరంలో నలభై ముగ్గురు. సగానికి పైగా ఊళ్ల నుంచి వచ్చేవాళ్లే. మూడున్నరకు బస్సు, అది తప్పితే మళ్లీ ఆరింటికి. మూడూ ఇరవైకే ఆడపిల్లలు సంచులు సర్దుకుంటారు. ఆఖరి పీరియడులో చర్చ అంటే నేనూ గోడ గడియారమూ మాట్లాడుకోవడమే. అందుకని చర్చలను రాత్రిపూట వాట్సాప్ గ్రూపులోకి మార్చాను.

మొదట్లో ఎంత బాగా నడిచిందో చెప్పలేను. తరగతిలో ఎప్పుడూ మాట్లాడే ముందు బెంచీ ఐదుగురూ అక్కడ తగ్గారు, ఎన్నడూ నోరు విప్పనివాళ్లు రాయడం మొదలుపెట్టారు. పంచాయతీల్లో మహిళలకు సీట్లు కేటాయించిన 73వ రాజ్యాంగ సవరణ గురించి అడిగితే ఒక అబ్బాయి, "మా అమ్మ వార్డు మెంబరు మేడమ్. సంతకం అమ్మది, కుర్చీ నాన్నది" అని రాశాడు. పరీక్షలో నాలుగు పేజీలు రాసేవాళ్లు కూడా ఈ మాట రాయరు.

తర్వాత ఎస్సీ వర్గీకరణ, అంటే ఎస్సీ రిజర్వేషన్‌ను ఆ కులాల మధ్య విభజించడం, అంశంగా పెట్టాను. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రాష్ట్రాలు వర్గీకరించవచ్చని 6-1తో ఇచ్చిన తీర్పు మీకు తెలిసే ఉంటుంది. అది పక్కన పెట్టిన 2004 నాటి చిన్నయ్య కేసు తీర్పు మన రాష్ట్ర చట్టం మీద వచ్చిందే. ఆ చట్టంలో ఎస్సీల 15 శాతం రిజర్వేషన్‌ను ఎ, బి, సి, డి గ్రూపులకు 1, 7, 6, 1గా విభజించారు. 2025లో ఆంధ్రప్రదేశ్ మళ్లీ మూడు వర్గాలు చేసి 1, 6.5, 7.5 అంది. వర్గీకరణ కోరిన మాదిగ దండోరా ఉద్యమం 1994లో మొదలైన ఈదుముడి పక్క జిల్లాలోనే ఉంది. మా పిల్లలకు ఇది పాఠం కాదు, అన్నం దగ్గర ఇంట్లో వినే మాట. ఆ సంగతి తెలిసీ, ఏ ఏర్పాటూ లేకుండా, "వర్గీకరణ న్యాయమా, చీలికా?" అని గురువారం రాత్రి ఎనిమిదిన్నరకు ప్రశ్న పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయాను.

తొమ్మిదింబావు దాకా బాగానే ఉంది. ఒక అమ్మాయి వరుసగా ఏడు సందేశాలు రాసింది. అంతా తన ఊరి లెక్క: తమ పేటలో డిగ్రీ దాకా వచ్చింది ఎందరు, కాలువ అవతలి పేటలో ఎందరు, ఏ ఇంట్లో మొదటి ఉద్యోగం ఎప్పుడు వచ్చింది. ఆ సెమిస్టరులో అంత మంచి జవాబు నేను చదవలేదు. దాని కింద ఒక అబ్బాయి రాశాడు: "ముందు నువ్వు ఏ గ్రూపో చెప్పు, తర్వాత మాట్లాడు."

నేను గిన్నెలు తోముతున్నాను. గట్టు మీద ఫోను అదే పనిగా గిలగిలా కొట్టుకుంటుంటే చేతులు తుడుచుకుని చూసేసరికి నూటికి పైగా సందేశాలు. పైకి జరుపుకుంటూ వెళ్తే "ఈ సందేశం తొలగించబడింది" అని ఒకదాని కింద ఒకటి ఏడుసార్లు. ఆ అమ్మాయి తన లెక్క మొత్తం చెరిపేసుకుంది.

పొద్దున్నే ఇంకో గొడవ. ఎవరో ఆ సంభాషణను స్క్రీన్‌షాట్ తీసి ఊరి యువజన గ్రూపులో పెట్టారు. కళాశాల గేటు దగ్గర ఇద్దరు పెద్దమనుషులు బండి ఆపుకుని నిలబడ్డారు. మా పెద్దసారు నన్ను పిలిచి, "సిలబస్ చెప్పుకోక ఎందుకమ్మా ఈ తలనొప్పి" అన్నారు. నేనూ భయపడ్డాను, దాచుకోను. ఆ రాత్రే కూర్చుని పద్నాలుగు నిబంధనలు రాసి గ్రూపులో పెట్టాను. కులం, మతం, పార్టీ ప్రస్తావన కూడదు. వాయిస్ సందేశాలు కూడదు. తెలుగు తెలుగు లిపిలోనే రాయాలి. ఐదు పంక్తులు దాటకూడదు. ఇలా.

తర్వాతి వారం అంశం 17వ అధికరణ. అంటరానితనం నిషేధం! కులం పేరెత్తకుండా దాని గురించి ఎలా మాట్లాడాలో నాకే తెలియదు, వాళ్లకేం తెలుస్తుంది. నాలుగు "బాగుంది మేడమ్"లు, తొమ్మిది బొటనవేళ్లు, ఒక "జవాబు పుస్తకంలో ఉంది మేడమ్". అంతే. గ్రూపు ఇప్పుడు శుభోదయం బొమ్మలకు మాత్రమే పనికొస్తోంది.

నిబంధనలు లేకపోతే అలా, పెడితే ఇలా. మీలో ఎవరైనా ఇది దాటి వచ్చారా?

---

జడ్పీ సోషల్ సార్

మేడమ్, నల్లగొండ వైపు ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. మీ పిల్లలు పెద్దవాళ్లు, మావాళ్లు తొమ్మిది, పది. అయినా ఒక పని చేసి చూడండి. మీ పద్నాలుగు నిబంధనలు కాగితం మీద రాసి, ఒక్కొక్కదాని పక్కన పెన్సిలుతో పెట్టండి: ఇది ఎవరిని కాపాడుతోంది? మాట్లాడే పిల్లనా, మిమ్మల్నా? నేను 2020లో ఇలాగే ఒక జాబితా రాశాను. పన్నెండింటిలో తొమ్మిది నన్ను కాపాడేవేనని తేలింది. హెడ్మాస్టరు అడిగితే చూపించడానికి రాసుకున్నవన్న మాట.

మేము ఆ సెప్టెంబరులో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్లలో టీవీ పాఠాలు అయ్యాక గ్రూపులో ప్రశ్నలు అడిగేవాళ్లం. నెల తర్వాత ఒక పిల్ల తల్లి చెబితే గాని నాకు తెలియలేదు, ఆ ఫోను తండ్రిదని. అమ్మాయి రాసిన ప్రతి ముక్కా ఆయన చదువుతాడు. ఆయన పనిలో ఉండగా తోటివాళ్లు కూడా చదువుతారు. "మా ఇంట్లో" అని మొదలయ్యే జవాబు ఆ పిల్ల ఎలా రాస్తుంది? మీ తరగతిలో ఎవరి ఫోను ఎవరిదో ముందు కనుక్కోండి. సొంత ఫోను లేనివాళ్లకు కాగితం మీద రాసి ఇచ్చే దారి ఉండాలి. మీరే టైపు చేసి పేరు లేకుండా పెట్టవచ్చు.

లిపి సంగతి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే నాకూ కళ్లు మండుతాయి. కానీ కీబోర్డు కుదరక మానేసిన మాట కంటే అదే నయం. వ్యాకరణం పరీక్షలో చూసుకుందాం. వాయిస్ సందేశం నిషేధించడం మాత్రం మంచిదే, కోపంలో ఉన్నవాడు మొదట నొక్కేది మైకునే.

తొమ్మిది దాటాక గ్రూపుకు తాళం. అడ్మిన్లు మాత్రమే పంపేలా సెట్టింగు ఉంది కదా, అది. రాత్రి పది గంటల కోపం పొద్దున ఏడింటికి ఉండదు.

---

విశ్రాంత రీడరు

అమ్మా, ముప్పై ఒక్క ఏళ్లు నీ సబ్జెక్టే చెప్పి దిగిపోయినవాణ్ని. చనువుగా నువ్వు అంటున్నాను, ఏమనుకోకు.

నిబంధనలు కొత్తగా ఎందుకు కనిపెట్టావు? నీ పాఠంలోనే ఉన్నాయి. లోక్‌సభ కార్యవిధాన నియమావళిలో 349వ నియమం చూడు: ఒకరు మాట్లాడుతుంటే అడ్డు తగలరాదు, ఏది చెప్పినా అధ్యక్ష స్థానానికే చెప్పాలి. 352: తోటి సభ్యుడికి దురుద్దేశం అంటగడుతూ వ్యక్తిగతంగా మాట్లాడరాదు. 380: సభకు తగని మాటను రికార్డు నుంచి తొలగించే అధికారం స్పీకరుది. 374ఎ: స్పీకరు ముందున్న ఖాళీ జాగా, అదే వెల్‌లోకి వచ్చి అదే పనిగా అల్లరి చేసినవాడి పేరు స్పీకరు చదివితే వరుసగా ఐదు సమావేశాలో, ఆ విడత మిగిలిన రోజులో, ఏది తక్కువైతే అంతకాలం సస్పెన్షన్. ఆ నాలుగూ తీసి పిల్లల చేతిలో పెట్టి, "మన గ్రూపుకు తగ్గట్టు మార్చి తిరగరాయండి" అను. వాళ్లు రాసుకున్నదాన్ని వాళ్లు అంత తేలిగ్గా తొక్కరు. పైగా ఒక యూనిట్ పాఠం కూడా అయిపోతుంది, మీ పెద్దసారు అడిగితే సిలబస్సే అని చెప్పవచ్చు.

ముఖ్యంగా "అధ్యక్షా" అనే పిలుపు. మన శాసనసభ ప్రసారాలు చూసి అందరూ నవ్వుకునే మాటే అది. కానీ దాని పని తెలుసా? "నువ్వు ఏ గ్రూపో చెప్పు" అనే వాక్యాన్ని "అధ్యక్షా" అని మొదలుపెట్టి రాసి చూడు. కుదరదు. వాక్యంలో "నువ్వు"కు చోటు ఉండదు. వారానికి ఒక విద్యార్థిని అధ్యక్ష స్థానంలో కూర్చోబెట్టు, నువ్వు సభ్యురాలివి కా.

ఇంకొక్కటి, కొంచెం కటువుగా. "న్యాయమా, చీలికా" అన్న నీ ప్రశ్న ఉందే, అది కోడిపందెం. రెండు కోళ్లకూ కత్తులు కట్టి వదిలి గిన్నెలు తోముకోవడానికి వెళ్లావు. 2004లో ఐదుగురు న్యాయమూర్తులు వర్గీకరణ కుదరదన్నది ఏ కారణంతో, 2024లో ఆరుగురు ఆ కారణాన్ని ఎలా తోసిపుచ్చారు, ఏడోవారు జస్టిస్ బేలా త్రివేది ఎందుకు విభేదించారు: ఇలా అడిగి ఉంటే పిల్లలు ఎస్సీ కులాల జాబితాను రాష్ట్రపతి ప్రకటించే 341వ అధికరణ చుట్టూ తిరిగేవాళ్లు. రాష్ట్రపతి జాబితాలోని కులాలన్నీ కలిసి ఒకే సజాతీయ వర్గమా కాదా అన్నదే కదా అసలు ముడి.

---

మూడో బెంచీ

నేను టీచరును కాదు. మీరు చెబుతున్నలాంటి తరగతిలో నాలుగేళ్ల క్రితం కూర్చున్నాను, ఇప్పుడు హైదరాబాద్‌లో గ్రూప్-2కు చదువుతున్నాను. పైన ఇద్దరు సార్లూ రాసింది బాగుంది, కానీ ఒకటి వదిలేశారు.

"అధ్యక్షా" అని మొదలుపెట్టి కూడా పొడవవచ్చు సార్. "అధ్యక్షా, కొందరు మార్కులు లేకుండానే ఇక్కడిదాకా వచ్చారు" అంటే ఎవరి పేరూ లేదు, తిట్టు లేదు, 352 ఏమీ చేయలేదు. తరగతిలో ఉన్న ఆరుగురికి మాత్రం అది ఎవరి గురించో తెలుస్తుంది. మర్యాద నియమాలు గొంతు పెంచేవాణ్ని పట్టుకుంటాయి. నవ్వుతూ అనేవాణ్ని పట్టుకోవు. కోపంగా జవాబిచ్చిన నేనే మర్యాద తప్పినవాణ్ని అయ్యాను ఒకసారి.

ఇంకోటి. మా సారు చాలా మంచివారు, నిజంగా. రిజర్వేషన్ల పాఠం వచ్చిన ప్రతిసారీ నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు బాబూ, మీవాళ్లు ఏమనుకుంటున్నారు?" అనేవారు. మావాళ్లు ఏమనుకుంటున్నారో నాకేం తెలుసు సార్, మా నాన్న ఏమనుకుంటున్నాడో కూడా సరిగా తెలియదు. ఆ గంట వస్తే క్యాంటీనుకు వెళ్లిపోయేవాణ్ని. మీ నిబంధనల్లో ఇది పెట్టండి: ఎవరినీ ఫలానావాళ్ల తరఫున మాట్లాడమని అడగకూడదు. అది టీచరుకు కూడా వర్తించాలి.

ఆ అమ్మాయి ఏడు సందేశాలు చెరిపేసింది కదా. తర్వాత ఎవరైనా ఆమెతో మాట్లాడారా? మీ ప్రశ్నలో అబ్బాయి గురించి ఉంది, పెద్దసారు గురించి ఉంది, పెద్దమనుషుల గురించి ఉంది. ఆమెను మీరు పిలిచారో లేదో లేదు.

---

నల్లకోటు

న్యాయవాదిగా రెండు ముక్కలు. ఒకటి, గ్రూపు అడ్మిన్ అయినంత మాత్రాన వేరొకరు పెట్టిన సందేశానికి నేరబాధ్యత అంటదని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. కాబట్టి ఆ భయంతో గ్రూపు మూయకండి. రెండు, అలాగని ఏదైనా రాయవచ్చని పిల్లలు అనుకోకూడదు. ఆన్‌లైన్ రాతలకు కేసు పెట్టే ఐటీ చట్టం 66ఎ సెక్షనును 2015లోనే కొట్టేశారు కదా అని మా దగ్గరకు వచ్చే కుర్రాళ్లు ధీమాగా ఉంటారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అలాగే ఉంది. ఎస్సీ, ఎస్టీ కానివారు వాళ్లను నలుగురి ఎదుట కులం పేరుతో దూషించడం, కావాలని అవమానించడం అందులో నేరాలు. ఇది బెదిరింపుగా కాకుండా, మీ తరగతిలో 17వ అధికరణ పాఠంతో కలిపి చెప్పండి. ఆ అధికరణకు కోరలు వచ్చింది ఇలాంటి చట్టాలతోనే.

స్క్రీన్‌షాట్ విషయం విడిగా, రాతపూర్వకంగా పెట్టండి. తరగతిలో అన్న మాట బయటికి మోయడమే ఇక్కడ అసలు ప్రమాదం. ఆ రాత్రి గొడవ గ్రూపు లోపలే ఉంటే గేటు దగ్గరకు ఎవరూ వచ్చేవారు కాదు.

---

మూడ్ల్ మేస్త్రీ

చర్చకు వాట్సాప్ సరైన చోటు కాదండీ. అందరి మాటా ఒకే గొట్టంలో పడుతుంది, ముందు వచ్చినవాడి మాటే మిగతావాళ్ల మాటను మలుస్తుంది. మూడ్ల్ అనే ఆన్‌లైన్ తరగతుల సాఫ్ట్‌వేర్‌లో ప్రశ్నోత్తరాల ఫోరం అని ఒక రకం ఉంది. అందులో తన జవాబు తాను పెడితే తప్ప విద్యార్థికి ఇతరులవి కనిపించవు. మీకు మూడ్ల్ లేకపోతే గూగుల్ క్లాస్‌రూమ్‌లో ప్రశ్న పెట్టండి, అక్కడా అంతే: ముందు తాను రాయాలి, తర్వాతే తోటివాళ్లవి చదివి స్పందించగలడు. సగం నిబంధనలు ఈ ఒక్క ఏర్పాటుతో అక్కరలేకుండా పోతాయి.

---

మూడున్నర బస్సు

మూడు వారాలు ఆగి రాస్తున్నాను, చేసి చూశాక చెబుదామని.

మూడో బెంచీ గారూ, మీ చివరి పేరా చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లేదు, నేను ఆమెను పిలవలేదు. మర్నాడు మధ్యాహ్నం స్టాఫ్ రూముకు రమ్మన్నాను. ఆమె రాసినది నాకు గుర్తున్నంత చెప్పి, బాగుందన్నాను. "చెరిపేశాను కదా మేడమ్" అంది. ఎందుకు చెరిపావని అడిగితే, అబ్బాయి మాటకు కాదట. అన్నయ్య ఆ గ్రూపు చూస్తాడట. జడ్పీ సార్ చెప్పిందే. ఫోను ఆమెది కాదు.

ఎవరి ఫోను ఎవరిదో తరగతిలో చీటీల మీద అడిగాను. నలభై ముగ్గురిలో పదహారు మంది ఇంట్లోవాళ్ల ఫోనే వాడుతున్నారు. రెండేళ్లుగా పాఠం చెబుతున్నాను వీళ్లకు.

పద్నాలుగు నిబంధనలు తీసేశాను. నాలుగు లోక్‌సభ నియమాలు ముద్రించి ఇచ్చాను, తిరగరాయడానికి రెండు పీరియడ్లు పట్టింది. వాళ్లు రాసినవి వాళ్ల మాటల్లోనే కొన్ని: "నువ్వు అనే మాట వాడరాదు." "మీ కులం, ఊరు, పార్టీ ఏదని ఎవరూ ఎవరినీ అడగరాదు. తమంతట తాము చెప్పుకోవచ్చు." దీని మీదే ఎక్కువ వాదన జరిగింది. పూర్తిగా నిషేధించాలని కొందరు, అలా అయితే మళ్లీ మేడమ్ నిబంధనే అవుతుందని కొందరు. "మీవాళ్లు అనరాదు, మేడమ్ కూడా." "ఫోటో తీసి బయట పెట్టినవారికి మూడు చర్చలు సస్పెన్షన్." ఐదు అని మొదట రాసి, సెమిస్టరులో మిగిలినవే ఐదు అని తగ్గించుకున్నారు. "కొందరు, కొంతమంది అని రాస్తే ఎవరో, ఆ లెక్క ఎక్కడిదో చెప్పాలి." ఇది నేను సూచించలేదు. మూడో బెంచీ గారి "కొందరు" ఉదాహరణను ఎవరి పేరూ లేకుండా చదివి వినిపించానంతే.

చర్చను గూగుల్ క్లాస్‌రూమ్‌కు మార్చాను. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది. కాగితం మీద రాసేవాళ్లు మర్నాడు ఇవ్వవచ్చు, నేను టైపు చేసి "సభ్యుడు", "సభ్యురాలు" అని పెడతాను.

అదే వర్గీకరణ, రీడరు గారి ప్రశ్నతో మళ్లీ పెట్టాను. ఇరవై ఏడు జవాబులు. అందులో పది నీరసంగా ఉన్నాయి, పత్రికల నుంచి ఎత్తినవి. కొన్ని మాత్రం 341 మీద గట్టిగా తలపడ్డాయి. "ఏ గ్రూపో చెప్పు" అన్న అబ్బాయి ఈసారి జస్టిస్ త్రివేది వాదన వైపు నిలబడి పన్నెండు పంక్తులు రాశాడు, ఎవరినీ ఏమీ అనకుండా. క్షమాపణ మాత్రం చెప్పలేదు. చెప్పించాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు, మీరేమంటారు?

ఆ అమ్మాయి శనివారం రెండు ఠావులు ఇచ్చింది. ఊరి లెక్క మళ్లీ రాసింది, ఈసారి గీతలు గీసి పట్టికగా. పేరు లేకుండానే పెట్టమంది. పెట్టాను.

మొదటి వారం అధ్యక్ష స్థానంలో కూర్చున్నది వార్డు మెంబరు గారి అబ్బాయి. ఎనిమిదిన్నరకు నేను ఉత్సాహం ఆపుకోలేక ఒకరి జవాబు కింద పెద్ద వ్యాఖ్య రాశాను. రెండు నిమిషాల్లో కింద పడింది: "గౌరవ సభ్యురాలు రెండోసారి మాట్లాడుతున్నారు. ఇంకా మాట్లాడనివారు పదహారు మంది ఉన్నారు." తీసేశాను.

వచ్చే వారం 371డి. స్థానిక కోటా, జోన్ల గొడవ. ఎవరైనా ఆ అంశం మీద ఇలా చర్చ నడిపి ఉంటే మీరు అడిగిన ప్రశ్నలు ఇక్కడ పెట్టండి. నాది మళ్లీ కోడిపందెంలా తయారవుతోంది, నాలుగుసార్లు కొట్టేసి రాశాను.